ఎలగ మాస్టారు, మూడు కారణాల ఉత్తరం

అరవైల చివర పలాస హైస్కూల్లో నాతో చదివిన మహామహులారా, ముందుగా మీకు సాష్టాంగ క్షమాపణ. గుడ్‌మార్నింగులు తప్ప మరేదీ పెట్టకూడని ఈ పవిత్రమైన వాట్సాప్ గ్రూపులో నేనొక ఆలోచన పెడుతున్నాను.

నిన్న పొద్దున్న ఫోన్ వచ్చింది. ఎలగ మాస్టారు పోయారట.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎలగ తెలుసు?"

ఆయన మాటే.

తర్వాత గ్రూపు తెరిస్తే నలభై దండాల ఎమోజీలు. ఎలా పోయారని ఒక్కరూ అడగలేదు.

ఆయన మనకి సైన్సు చెప్పింది ఇందుకా?

ఏ జవాబు చెప్పినా "ఎలగ తెలుసు?" అనేవారు. పుస్తకంలో ఉందండి అంటే, "పుస్తకానికెలగ తెలుసురా?"

ఒకరోజు జీడిపండు తెచ్చి బల్ల మీద పెట్టి, గింజ బయటెందుకుందని నన్నడిగారు.

"దేవుడెట్టాడండి."

"సరే. లోపలెట్టడానికి దేవుడికేటి అడ్డం?"

క్లాసంతా నవ్వింది. జీడితోటలో పుట్టినవాణ్ణి, మూడు రోజులు క్లాసులో నిలబడి ఆలోచించాను. జవాబు మాత్రం ఆయన చెప్పలేదు. ఇక చెప్పరు కూడా.

ఆ మరుసటి వారమే ఆయన మీద హెడ్‌మాస్టరుకి ఉత్తరం వచ్చింది. సంతకం, ఆకాశరామన్న.

ఒకటి, పాఠాలు కావడం లేదు. రెండు, క్లాసు సంతలా ఉంది. మూడు, ఉద్దానం రైతులంతా తమ పిల్లల్ని బడి మాన్పించేస్తామంటున్నారు.

హెడ్‌మాస్టరు దాన్ని మన క్లాసులోనే చదివారు.

ఎలగ మాస్టారికి కోపం రాలేదు. తన ఉద్యోగం మీదికొచ్చిన కాగితాన్ని కూడా పాఠం చేశారు.

"ఒరే, ఈ మూడిట్లో ఏది గట్టిది, ఏది డొల్ల? సెప్పండి."

మీరంతా తలలు దించుకున్నారు. నేను లేచాను.

"మూడోది అబద్ధమండి."

హెడ్‌మాస్టరు నావైపు తిరిగారు. మాస్టారి మొహం వెలిగిపోయింది.

"సెబాసు. ఎలగ తెలుసురా?"

నేను కూర్చున్నాను.

నెల తిరక్కుండా ఆయన్ని సోంపేట ట్రాన్స్‌ఫర్ చేశారు. చూపించిన కారణం ఆ మూడోదే. ఆ తర్వాత సైన్సంటే నోట్సు డిక్టేషన్. రాసుకున్నాం, పాసయ్యాం. ఇప్పటికీ ఎవరేం పంపినా ప్రశ్న లేకుండా ఫార్వర్డ్ చేస్తున్నాం.

వెళ్లి రండి మాస్టారూ. "నోర్ముయ్" అనేవాడు లేని చోట, ప్రశ్నలడుగుతూ ప్రశాంతంగా ఉండండి.

ఆ రోజు మీరడిగినదానికి నా జవాబు.

ఎలగ తెలుసంటే, ఆ ఉత్తరం రాసింది నేనే.