స్టోరేజీ పెట్టెకు దసరా పూజ

శంషాబాద్‌లో మాది పెళ్లి ఫొటోల స్టూడియో. కంప్యూటర్లన్నిటిలోని ఫొటోలూ ఒకేచోట దాచే స్టోరేజీ పెట్టె కొందామనుకుంటే, అమ్మేవాడి నవ్వే నాకు నచ్చలేదు.

"రెండు డిస్కులుంటయక్కా. ఒకటి ఖరాబైనా ఇంకోదాంట్ల ఫొటోలుంటయి," అన్నాడు.

"గట్లయితే నా ముందట ఒకటి పీకి చూపియ్," అన్నాను.

పీకాడు. ఫొటోలు అలాగే ఉన్నాయి. పెట్టె కొన్నాం. అయినా నమ్మకం కుదరక, ఫొటోలన్నీ వేరే డ్రైవ్‌లోకి కూడా ఎక్కించి, పాల్మాకులలో మా ఇంటి బీరువాలో పెట్టి తాళమేశాను.

"గింత అనుమానమేంది నీకు?" అని మా ఆయన నవ్వాడు.

దసరాకు కెమెరాలతోపాటు ఆ పెట్టెకూ బొట్టు పెట్టాం. మా ఆయన కొబ్బరికాయ కొట్టి, బండి మీద పోసినట్టే ఆ నీళ్లు భక్తిగా పెట్టె మీద పోశాడు. చిటపటమంది. రెండు డిస్కులూ ఒకేసారి పోయాయి.

ఫోన్ చేస్తే పరుగెత్తుకొచ్చిన అమ్మకందారు పెట్టె విప్పి, "అక్కా, దీంట్ల కొబ్బరి వాసనొస్తుందేంది?" అన్నాడు. మా ఆయన గోడకేసి చూశాడు.

ఎవరి పెళ్లీ మళ్లీ తీయలేం కదా! బీరువాలోని డ్రైవ్ తెచ్చి, ఒక్కో పెళ్లీ తెరిచి చూశాను. అన్నీ ఉన్నాయి.

నా అనుమానమంతా అమ్మేవాడి మీదే పెట్టుకున్నాను. ఇప్పుడు ఏ పెట్టె కొనాలని ఎవరడిగినా, "మీ దగ్గర కొబ్బరికాయ కొట్టేదెవరు?" అని ముందు ఆరా తీస్తున్నాను.