సామి చెప్పిన మాట

ఆదోని బస్టాండు వెనక, నా టైలరు కొట్టు పక్కనే హుసేనప్ప సైకిల్ షాపు ఉండేది. షాపంటే ఒక గోనెపట్టా, గాలి పంపు, పనిముట్ల డబ్బా. చక్రం బెండు తీయడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. సైకిలు తలకిందులు చేసి, చక్రం తిప్పి, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టేవాడు. సుద్ద అంటిన చోట స్పోకులు బిగించేవాడు. ఆ సుద్ద నా దగ్గర అడుక్కున్నదే.

ఇంగ్లీషు మాస్టరు శ్రీపాదరావు గారు సాయంత్రాలు అక్కడే కూర్చునేవారు. ఒకసారి తన చక్రం ఊగుతుంటే చూపించి, "దీన్ని వాబుల్ అంటారు హుసేనప్పా. అటూ ఇటూ ఊగడం. ఉత్తర జర్మనీ జనం మాటలోంచి మూడొందల ఏళ్ల కిందట ఇంగ్లీషులోకి వచ్చిందంటారు. కుదురులేని మనసుకూ వాడతారు" అన్నారు. ఇక చూడండి, హుసేనప్ప వచ్చినవాడికల్లా ఆ జర్మనీ కథే. "మా సామి సెప్పినాడు" అని మురిసిపోయేవాడు.

డెబ్బై ఎనిమిదిలో ఒక పత్తి వ్యాపారి ఆ జాగా తనదన్నాడు. ఆ వ్యాపారి వెనక ప్రహరీ కట్టకముందే షాపు ఉందని రుజువైతే హుసేనప్పకే వదిలేయాలని పెద్దమనుషులు పంచాయితీ పెట్టారు. నేనూ, రిక్షా రంగన్నా సాక్ష్యానికి సిద్ధం.

"మీరెందుకన్నా? సామి వస్తానన్నాడు. సదువుకున్నాయన మాట ఒక్కటి సాలు" అని మమ్మల్ని ఆపేశాడు.

పంచాయితీలో మాస్టరు గారు వ్యాపారి వైపు చూసి గొంతు సవరించుకున్నారు. "ఉన్నట్టే ఉంది. గట్టిగా చెప్పలేను" అన్నారు. ఆ వ్యాపారి పిల్లలకు ఆయనే ట్యూషనని మాకు తర్వాత తెలిసింది. నేను లేచి అరిచాను. మాస్టరుకే తెలియంది నీకేం తెలుసని కూర్చోబెట్టారు.

"యాపారి మీద నాకు కోపం లేదన్నా. నా సామే నన్ను ముంచినాడు" అన్నాడు హుసేనప్ప, సామాను సర్దుకుంటూ. నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొన్నేళ్లకు ఎమ్మిగనూరు జాతరకు పోయి, అక్కడ అతని కొత్త షాపులో కూర్చున్నాను. బదిలీ మీద ఆ ఊరొచ్చిన మాస్టరు గారు సైకిలు తోసుకుంటూ వచ్చారు. హుసేనప్ప సైకిలు తలకిందులు చేసి, సుద్ద తీసుకుని, ఎప్పటిలాగే శ్రద్ధగా చక్రం సరిచేశాడు.

"నన్ను గుర్తుపట్టలేదా హుసేనప్పా?"

అతను చేతులు తుడుచుకుని, ఆయన ముఖంలోకి చూశాడు.

"సూసినట్టే ఉంది సార్. గట్టిగా సెప్పలేను."

మాస్టరు గారు సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ వెళ్లిపోయారు.