బొటనవేలి మచ్చ

మోంటానాలో, ఎలుగుబంట్లు తిరిగే కొండల కింద, వెర్లిన్ స్టోడార్డ్ ఎలుగుబంటి ఎదురైతే కాల్చడానికని అరచేతిలో ఇమిడే రివాల్వరు నడుముకు పెట్టుకుని తిరుగుతాడు. పేల్చినప్పుడల్లా అది వెనక్కి తన్ని బొటనవేలి మొదట్లో తోలు లేపుతుంది. ఆ ఎర్రటి మచ్చను కాఫీ దుకాణంలో అందరికీ చూపిస్తాడు. "దీన్ని రెండోసారి పేల్చిన మగాడు నేనొక్కణ్ణే," అంటాడు. భార్య నెల్డా ఆ ధైర్యంతోనే అతనితో అడవిలో పళ్లు కోయడానికి వెళుతుంది. శనివారం కాల్పుల మైదానంలో, నెల్డా చూస్తుండగా, మిత్రుడు గస్, అక్కడి వాళ్ల కొంటె అలవాటు ప్రకారం, తూటాల మధ్య చెప్పకుండా మందులేని ఒక ఖాళీ తొడుగు పెట్టి ఇచ్చాడు. వెర్లిన్ మీట నొక్కాడు. అది పేలలేదు. అయినా రాబోయే తన్నుకు ముందే జడిసిన చేతిలో తుపాకీ మూతి గభాలున నేలకు వంగింది. వెర్లిన్ కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"ప్రార్థన అయిందా గురూ?" అన్నాడు గస్.

"ఇన్నేళ్లూ ఇలాగేనా పేల్చింది?" అంది నెల్డా.

మర్నాడు పళ్లకు బయలుదేరినప్పుడు తుపాకీ అతని నడుముకే ఉంది. నెల్డా వెళ్లలేదు.