ఫ్యూజు పట్టుకెళ్లిపోయిన పిన్ని

పిన్ని పోయింది. పోయిన సోమవారం ఉదయం, ఈ హిందీ ఊళ్లోనే ఉన్న తార్‌బహార్ పేట నుంచి ఆవిడ కూతురు ఫోను చేసి, ముందు హిందీలో "మమ్మీ నహీఁ రహీ దీదీ" అంది. తర్వాత ఏమనుకుందో, అదే మాట తెలుగులో మళ్లీ చెప్పింది. టీ పెట్టుకుని, గ్లాసు పక్కన పెట్టుకుని, కుర్చీలోనే ఒరిగిపోయిందట. ఆస్పత్రికి తీసుకెళ్లే అవసరం కూడా రాలేదు.

ఆవిడ మా అమ్మకు సొంత చెల్లెలు. చిన్నాన్న రైల్వేలో పనిచేస్తూ జబ్బుచేసి పోతే ఆ ఉద్యోగం ఆవిడకిచ్చారు. కరెంటు విభాగంలో ఖలాసీ, అంటే సామాన్లు మోసి నిచ్చెన పట్టుకునే పని. ఆడమనిషి కదా అని ఆఫీసులోనే ఉంచి, అందరికీ నీళ్లూ టీలూ అందించమన్నారు. ఏడాది అందించింది. ఒకరోజు సూపర్‌వైజర్ బల్లమీద కెటిల్ పెట్టేసి, తనకూ ఒక టెస్టరూ ప్లయరూ ఇప్పించమని అడిగింది.

"ఏటన్నాడే?" అంది అమ్మ.

"ఏటంటాడు, నవ్వినాడు. మర్నాడు కూడా అడిగినాను. మూడోనాడు ఇచ్చీసినాడు."

రిటైరయ్యేనాటికి, క్వార్టర్లలో వైరింగు చెడిపోతే ఆవిడ డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ కంప్లయింటు రాయించేవారు.

ఎవరింటికి వెళ్లినా ముందు మీటరు వైపు చూసేది, తర్వాత మనుషుల వైపు. కొత్త ఇంట్లో ఇనప గేటును కూడా ముందు చేతి వెనక భాగంతో తాకి, ఆ తర్వాతే పట్టుకునేది. పెళ్లిళ్లలో పందిరి కింద వైర్లు చూసుకుంటూ తిరిగి, భోజనానికి ఆఖరి బంతిలో కూర్చునేది. ఇవన్నీ మాకు నవ్వులాటగా ఉండేవి.

ఊరి చివర ఉస్లాపూర్‌లో మా ఇంటి వెనక, పెరటి చివర ఒక రేకుల గది ఉంది. మా ఆయన పనిచేసే కాంట్రాక్టరు పని మూసేసుకున్నాక, ఆ గదిలో పిండిమర పెట్టుకుందామనుకున్నాం. మోటారు బిగించాం. ముహూర్తం పెట్టించాం. ఇంట్లోంచి గదికి కరెంటు తేవడానికి మా ఆయన, ఆయన స్నేహితుడు కలిసి మామూలు వైరును రెండు వెదుళ్ల మీదుగా లాగి, రేకు అంచు మీంచి లోపలికి దించారు. పూజ రోజున ఇరుగుపొరుగు వాళ్లు గోధుమల డబ్బాలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. పిన్ని కూడా వచ్చింది.

వచ్చి వైరును చూసింది. గది వెనక్కి వెళ్లింది. తిరిగొచ్చి, నేరుగా ఇంట్లోకి వెళ్లి, బోర్డులోంచి ఆ లైను ఫ్యూజు పీకి, రుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది.

"పూజ సేసుకోండి. మర మాత్రం తిరగదు" అంది.

"ఒక్క పది నిమిషాలు తిప్పి ఆపేస్తాం అత్తా. ముహూర్తం దాటిపోతంది" అన్నారు మా ఆయన.

"కరెంటుకి మొహమాటం నేదు బాబూ. పది నిమిషాలని సెప్తే ఇనదు."

ప్రసాదం కూడా తీసుకోకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయింది. జనం కాసేపు అటూ ఇటూ చూసి, డబ్బాలు తీసుకుని వెళ్లిపోయారు. ఇంకో ఫ్యూజు కొని పెట్టుకోవడం ఎంతసేపు? మా ఆయన షాపు దాకా వెళ్లారు కూడా. ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. ఎందుకని నేను అడగలేదు.

సాయంత్రం నేనే ఫోను చేశాను.

"నలుగురిలో నా పరువు తీసీసావు పిన్నీ. ఇంక మా గుమ్మం తొక్కకు" అన్నాను.

ఆవిడ అంతా విని, "అచ్ఛా" అంది. తర్వాత, "మీ పెరట్లో నేల మెత్తగుంతాదా, రాయి తగుల్తాదా?" అని అడిగింది. నేను ఫోను పెట్టేశాను.

మర్నాడు ఉదయం గునపంతో ఆటో దిగింది. పలకరింపులేమీ లేవు. ముందు పాత వైరు దింపమంది. మా ఆయన స్టూలెక్కారు. రేకు అంచు దగ్గర వైరు తొడుగు కోసుకుపోయి, లోపలి రాగి తీగ రేకుకు ఆనుకుని ఉంది. నేను తడిబట్టలు ఆరేసే ఇనప తీగ ఒక కొస ఆ రేకుల కమ్మీకే కట్టి ఉంది. ఆయన కిందికి దిగి స్టూలు మీద కూర్చుండిపోయారు.

"నిన్ననే చూశావు కదా. అప్పుడే చెప్పొచ్చు కదా పిన్నీ" అన్నాను.

"సెప్తే ఏటవుతాది? నిజమా, అబద్ధమా అని నలుగురూ ఎల్లి రేకు ముట్టుకుంతారు. ఫ్యూజు తీసీస్తే బస్, అయిపోనాది" అంది. తర్వాత టీ అడిగింది.

మూడు రోజులు పట్టింది. ఇంటి గోడ నుంచి గది దాకా తొడలోతు కాలువ తవ్వాం. అడుగున ఇసుక పోయించి, ఉక్కు తొడుగున్న కేబుల్ పరిపించి, మళ్లీ ఇసుక పోసి, పైన వరసగా ఇటుకలు పేర్పించింది. ఇటుకలెందుకన్నాను.

"రేపు బంతిమొక్క పెడతానని నువ్వే గునపం దింపుతావు. ఇటుక తగిల్తే ఆగుతావు."

గదిలో విడిగా మెయిన్ స్విచ్చి, దాని పక్కన, ఎవరికైనా షాక్ తగిలితే దానంతటదే పడిపోయి కరెంటు ఆపేసే స్విచ్చి పెట్టింది. గది పక్కన ఎర్తు కోసం గొయ్యి తవ్వి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ నింపించింది. ఇంటికి ఎర్తు ఉంది కదా అన్నారు మా ఆయన. "ఇల్లు ఏరు, గది ఏరు బాబూ" అంది. కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టించి, మంజూరు కాగితం వచ్చేదాకా మర తిప్పనివ్వలేదు. ఆ కాగితం వచ్చిన రోజున, ముహూర్తం చూడకుండా, తనే స్విచ్చి వేసింది.

అప్పటి నుంచి ఆ మర మీదే మా ఇల్లు నడుస్తోంది. ఫోనులో నేనన్న మాటకు క్షమించమని అడగలేదు. ఎన్నోసార్లు అనుకున్నాను. ఆవిడ ఎప్పుడు వచ్చినా ఏదో పని పురమాయించేది, ఆ మాట వెనక్కి పోయేది. ఇంక చెప్పడానికి మనిషి లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పిన్నికి తెలుగు చదవడం రాదు. ఆవిడ కూతురికీ రాదు.

చివరిసారి వచ్చింది గత నెలలో. ఇంట్లోకి రమ్మంటే వినకుండా మర గదిలోనే గోడకు చేరబడి కూర్చుంది. గోధుమలు ఆడుతుంటే అంత చప్పుడులోనూ నిద్రపోయింది. జుట్టు మీదా, కనుబొమల మీదా, ఒళ్లో పెట్టుకున్న చేతుల మీదా పిండి సన్నగా పడుతోంది. పడుకున్న మనిషికి చప్పుడెందుకని మర ఆపాను. వెంటనే కళ్లు తెరిచింది.

"ఏటే, కరెంటు పోయిందేటి?"

"లేదు పిన్నీ, ఉంది."

మళ్లీ స్విచ్చి వేశాను. మర అందుకుంది. ఆవిడ ఒక్క క్షణం ఆ చప్పుడు విని, పిండి దులుపుకోకుండానే కళ్లు మూసుకుంది.