సాంచాలు ఆపి పోయిన మా మల్లేశం బావ

నిన్న మధ్యాహ్నం రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌ల చీరెల బేల్ కడ్తున్న. అక్క ఫోన్ చేసింది.

"బావ లేడురా."

గంతే. ఇంకేం ఇనబడలే నాకు.

మల్లేశం బావ, మా అక్క పెనిమిటి. కిమ్ అనే ఊర్ల సాంచాల, అంటే బట్ట నేసే మిషన్ల, కార్ఖానాల ఎలక్ట్రీషియన్. పోయినేడు కార్ఖానా ఓనరు సేట్ షెడ్డు మీద సోలార్ ప్యానెల్స్, పక్కన చిన్న గాలిమర, లోపట బ్యాటరీలు పెట్టించిండు. కరెంట్ పోయినా సాంచాలు ఆగయి. నేసిన బట్టకు మీటర్ లెక్కన కూలి తీసుకునే మనోళ్లకు అది ఎంత పెద్ద సంగతి! జనరేటర్ పొగ గూడ పోయింది. బావ మస్తు సంబురపడ్డడు.

"ఎండ ఫుకట్, గాలి ఫుకట్, పైసా ఖర్చు లేదు. గని బ్యాటరీ ఫుకట్ గాదురా. దానికి దూరంగ రూమ్ గావాలె. స్విచ్ బయట ఉండాలె" అనేటోడు.

సేట్ ఖర్చైతదన్నడు. సాంచాల పక్కనే రేకుల గదిల పెట్టిండ్రు. అన్నీ బంద్ చేసే స్విచ్ గూడ అండ్లనే.

ఆ రోజు బావ గది కట్టిన కాంట్రాక్టర్ కాలర్ పట్టి గోడకు గుద్దిండు.

"మనుషులు కాలిపోతే నువ్వొస్తవారా?"

వాడు ముక్కుల రక్తం తుడుసుకుంట ఉరికిండు. బావను వారం పనిలకు రానియ్యలే. స్విచ్ మాత్రం అక్కడనే ఉన్నది.

నిన్న బ్యాటరీల గదికెళ్లి పొగ లేశింది. బావ గేటు కాడ ఉన్నడు. ఒర్రిండు. సాంచాల మోతల ఎవలకు ఇనబడ్తది? గేటు కాడి కరెంట్ మెయిన్ గుంజిండు.

సాంచాలు ఆగలే. కరెంట్ పోంగనే బ్యాటరీ అందుకుంటది గద.

ఇగ స్విచ్ బంద్ చేయనీకి ఆ గదిలకే ఉరికిండు.

ఒక్కపారే సాంచాలన్నీ ఆగినయట. అందరు తలలు లేపిండ్రట.

"బయటికి ఉరుకుండ్రి!"

బావ గొంతే. అందరు ఉరికిండ్రు. ఎనకనే పేలింది. ఇనుప తలుపు ఊడి రోడ్డు మీద పడ్డది.

షిఫ్టుల ఉన్నోళ్లంత బతికిండ్రు. బావ తప్ప.

దవాఖానల అక్కకు మొఖం చూపియ్యలే. చెయ్యి ఒక్కటే చూపిచ్చిండ్రు.

సేట్ వచ్చి "యాక్సిడెంట్ హై భాయ్" అన్నడు. ఆయన కారు అద్దం మోచేతితోని పలగ్గొట్టిన. కుట్లు పడ్డయి. నాకేం సిగ్గు లేదు.

సోలార్ వద్దని నేననను. బావ గూడ ఎన్నడు అనలే. పైసలు మిగిలిచ్చుకునేది సేట్‌లు, కాలేది మనం, గిదెక్కడి న్యాయం? మీ కార్ఖానాల బ్యాటరీలు గిట్ల సాంచాల పక్కనే పెడ్తే, జర నోరు తెరిచి అడుగుండ్రి.

బావా, అక్కను నేను చూసుకుంట. ఇగ ఏ మంట తాకని కాడ సల్లగ పండుకో.