వెల్మా బోర్లా పడితే

వెల్మాకు ఒకటే జబ్బు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి నేల మీద బోర్లా పడుకుంటుంది. బురదైనా, వానైనా, చర్చికి వేసుకున్న కొత్త కోటైనా లెక్కలేదు. టాస్మేనియాలోని ఆ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు కంగారుపడి అంబులెన్స్ పిలిస్తే, తల ఎత్తకుండానే "ష్! పూసింది!" అని వాళ్లనే కసిరింది.

పూసింది హెల్మెట్ ఆర్కిడ్. నేలకు అతుక్కున్న ఒక్క గుండ్రటి ఆకు, దాని మీద కాడ లేకుండా చతికిలబడ్డ ఒక్క పువ్వు. చొక్కా గుండీ అంత ఉంటుంది. ముదురెరుపు టోపీని ముఖం మీదికి లాక్కున్నట్టు తల వంచుకుని ఉంటుంది. దాని ముఖం చూడాలంటే మనిషి నేలకు దిగాల్సిందే.

దిగడం బాగానే వచ్చు. లేవడానికే మోకాళ్లు సహకరించవట. అందుకని రోజూ పొద్దున్నే పక్కింటి రెజ్ తలుపు బాదేది. భార్య బెరిల్ పోయాక రెజ్ గడప దాటడమే కాదు, కర్టెన్లు తీయడం కూడా మానేశాడు.

"రెజ్! నన్ను లేపడానికి ఒక మనిషి కావాలి."

"క్రేన్ తెప్పించుకో."

"క్రేన్‌కి నా జోకులు అర్థం కావు. బూట్లు తొడుక్కో."

చలికాలమంతా ఇదే తంతు. టీ ట్రీ పొదల కింద ఆవిడ బోర్లా పడుకునేది. ఈయన ఫ్లాస్కు పట్టుకుని గొణుగుతూ నిలబడేవాడు.

"ఇంత కింద పూస్తే ఎవడు చూస్తాడమ్మా దీన్ని?"

"దోమంత ఈగలు. పుట్టగొడుగనుకుని వస్తాయి. మోసపోయి పుప్పొడి మోసుకుపోతాయి."

"పాపం, నాలాంటివే."

చివరికి ఆవిడ చేతులు పట్టి లాగి, తన నడుం పట్టుకుని, తిట్టుకుంటూ ఇల్లు చేరేవాడు. ఆ పూట ఆకలేసి రెండోసారి వడ్డించుకున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒకనాడు చిన్న కంగారూలాంటి వాలబీ ఒకటి గెంతుకుంటూ వచ్చి, సరిగ్గా పూల మధ్య మూతి పెట్టింది. రెజ్ నోరు తెరిచేలోపే వెల్మా స్ప్రింగులా లేచింది. టోపీ ఊపుతూ, అడ్డంగా పడున్న దుంగ మీంచి దూకి, వాలబీని కంచెదాకా తరిమింది. రొప్పుతూ వెనక్కి తిరిగితే ఎదురుగా రెజ్. అప్పుడు గుర్తొచ్చి మోకాలు పట్టుకుని "అమ్మో" అంది.

"ఎప్పట్నుంచి బాగున్నాయి మోకాళ్లు?"

"ఎప్పుడూ బాగానే ఉన్నాయి. నీ కర్టెన్లే బాగాలేవు."

రెజ్ ఫ్లాస్కు దుంగ మీద పెట్టి, మెల్లగా వంగి, మొదటిసారి తనూ బోర్లా పడుకున్నాడు. వాడిపోయిన పువ్వొకటి పొడుగాటి కాడ మీద నిటారుగా నిలబడి ఉంది.

"ఇదేంటి, దీనికి కాడ మొలిచింది?"

"కాయ కట్టాక పెరుగుతుంది. గింజలు గాలికి ఎగరాలిగా." వెల్మా ఆత్రంగా వచ్చి పైనుంచి వంగింది.

రెజ్ తల ఎత్తలేదు.

"కాస్త పక్కకు జరుగు తల్లీ, నీ నీడ పడుతోంది."