టీచరుగారు కూర్చున్న చాప

మొన్న వాన వెలిశాక బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. రోడ్డు పక్కన ఒకామె తుంగచాపలు అమ్ముతోంది. తడిసిన చాపల్ని విప్పి ఫ్లైఓవర్ కింద ఆరబెడుతుంటే ఆ పచ్చి వాసన నా దాకా వచ్చింది. కాలేజీలో పాఠం చెప్పి అలిసిపోయి ఉన్నాను, అయినా ఆ వాసనకు ఒక్కసారిగా మా ఊరి గుడీ, సుగుణమ్మ టీచరుగారూ కళ్ళముందుకొచ్చారు. నేనెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది కూడా.

కంకిపాడు దాటి కాలవగట్టు వెంట కొంత దూరం వెళ్తే మా ఊరు. అక్కడి లూథరన్ గుడి మా ముత్తాతల కాలం నాటిది. మిషనరీ దొరగారొకాయన పడవలో వచ్చి బడి పెట్టాడనీ, ఆ బడే ఆదివారాలు గుడి అయిందనీ, తరువాత ఇటుక పడవల మీద వస్తే రెండు పేటల ఆడవాళ్ళూ నెత్తిన మోసి గోడలు లేపారనీ పెద్దవాళ్ళు చెప్పేవారు. రెండు పేటలంటే పై పేట, కింది పేట. ఊళ్ళో రైతుల దృష్టిలో రెండూ ఒకటే, ముట్టుకోకూడని పేటలే. మా దృష్టిలో మాత్రం అవి రెండు కులాలు. మాది కింది పేట. అందరూ కలిసి కట్టుకున్న గుడిలోనే పై పేట వాళ్ళు ముందున్న ప్రభు భోజనపు బల్లకు దగ్గరగా, మేము గుమ్మానికి దగ్గరగా కూర్చునేవాళ్ళం. వాళ్ళ చాపలు వాళ్ళవి, మా చాపలు మావి. ప్రభు భోజనానికి కూడా ముందు వాళ్ళే లేచి వెళ్ళి మోకరించేవారు. వాళ్ళందరూ తాగాకే ద్రాక్షరసం గిన్నె మా దగ్గరకు వచ్చేది. దాన్ని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. ఎండాకాలం ఎండ కాసినట్టు అదీ అంతే అనుకునేవాళ్ళం.

సుగుణమ్మ టీచరుగారు పై పేట మనిషి, సంఘపెద్ద శామ్యూలుగారి చెల్లెలు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే అన్నగారింటికి వచ్చి అక్కడే ఉండిపోయారు. వారమంతా ఎలిమెంటరీ బడిలోనూ, ఆదివారం సండే స్కూల్లోనూ మాకు ఆవిడే టీచరు. పొట్టి మనిషి, గొంతు మాత్రం గుడి బయటికి వినపడేది. వాక్యం తప్పు లేకుండా అప్పగిస్తే ఆవిడకు చాలదు. “సరే, అంటే ఏంటమ్మా?” అని అడిగేవారు. మా మాటల్లో మేము చెప్పేదాకా కదలనిచ్చేవారు కాదు.

ఒక ఆదివారం ప్రభు భోజనం గురించి చెప్పారు. అందరం ఒకే రొట్టె తింటాం, ఒకే గిన్నెలో తాగుతాం, కాబట్టి అందరం ఒకే ఇంటి పిల్లలం అన్నారు. నాకు పదేళ్ళుంటాయి. ఒకే ఇంటి పిల్లలమైతే మేమెందుకండీ ఎప్పుడూ చివర అని అడిగాను. ఎదురు చెప్పాలని కాదు, నిజంగానే తెలియక అడిగాను. పై పేట పిల్లలు నావైపు గుర్రుగా చూస్తున్నారు. టీచరుగారు, “నువ్వడిగింది సబబే ప్రమీలా,” అన్నారు. పాఠం అక్కడితో ఆపేసి మమ్మల్ని పంపేశారు. ఇంట్లో ఈ సంగతి చెబితే అమ్మ భయపడిపోయింది, ఇంకెప్పుడూ అలా అడగొద్దంది.

ఆ తరువాతి ప్రభు భోజనపు ఆదివారం టీచరుగారు గుళ్ళోకి వచ్చి, వాళ్ళ వాళ్ళ దగ్గరకు వెళ్ళకుండా గుమ్మం దగ్గరే ఆగారు. మా చాప మీద అమ్మ పక్కన కూర్చున్నారు. అమ్మ ఉలిక్కిపడి చోటిస్తున్నట్టు పక్కకు జరిగింది. టీచరుగారు కూడా అంత మేరా జరిగారు. ఇంక జరగడానికి గోడ అడ్డం. పై పేట వాళ్ళు లేచి బల్ల దగ్గరకు వెళ్ళినప్పుడు శామ్యూలుగారు వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ లేవలేదు. మా వంతు వచ్చాక మాతోపాటు వచ్చి, అమ్మకూ నాన్నకూ మధ్య మోకరించారు. గుడి పాస్టరు అయ్యగారి చేతిలో గిన్నె ఒక్క క్షణం ఆగింది. తరువాత వరసలో అమ్మకిచ్చి, అదే గిన్నె ఆవిడకిచ్చారు. ఆవిడ తాగారు.

బయట వేపచెట్టు కింద శామ్యూలుగారు అరవలేదు. ఆయన ఎప్పుడూ అరిచే మనిషి కాదు. “అంత ఇష్టమైతే అటే ఉండు. మా గడప తొక్కబోకు,” అని మాత్రం అన్నారు. ఆ సాయంత్రమే టీచరుగారు బడి వెనక, పాత సామాన్లు పడేసే గదిని ఊడ్చుకుని అందులోకి మారారు. నాన్న వెళ్ళి పైకప్పు తాటాకు సరిచేసి వచ్చాడు. మర్నాడు ఆవిడ మా ఇంటిముందుకు వచ్చి నిలబడ్డారు. పై పేట వాళ్ళెవరూ అంతకుముందు మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. అమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు.

“మా ఇంట్లో తింటారా అండీ?” అంది చివరికి.

“ఆకలేస్తందమ్మా, పెట్టు,” అన్నారు టీచరుగారు.

గోంగూర పచ్చడీ అన్నం పెట్టింది అమ్మ. ఆవిడ తింటున్నంతసేపూ అమ్మ గుమ్మం దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది.

ఇదేదో ఒక్క రోజుతో ఊరు మారిపోయిన కథ కాదు. ఏళ్ళు పట్టింది. అన్నగారింట్లో పెళ్ళి జరిగితే ఆవిడకు పిలుపు రాలేదు. డప్పులు వినపడుతుంటే గదిలో కూర్చుని మాకు లెక్కలు చెప్పారు. ఆవేళ ఒక్కసారి కూడా తలెత్తి మా కళ్ళలోకి చూడలేదు. తరువాత్తరువాత ఆవిడ దగ్గర చదువుకున్న పై పేట కోడలొకామె వచ్చి మా చాప మీద కూర్చుంది. ఆమె వెనక ఇంకొకరు. చివరికి ఏ చాప ఎవరిదో పిల్లలకు తెలియకుండా పోయింది. శామ్యూలుగారు మాత్రం ముందు వరసలోనే, తిన్నగా బల్లకేసి చూస్తూ కూర్చునేవారు.

నేను విజయవాడలో డిగ్రీ చదువుతుండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. సెలవులకు ఇంటికొచ్చి ఉన్నాను. అయ్యగారు ప్రభు భోజనం ఇవ్వడానికి ఇంటికి వెళ్తుంటే, చెల్లెల్ని కూడా తీసుకురమ్మని శామ్యూలుగారు కబురు చేశారు. టీచరుగారు మా ఇంటికి వచ్చి అమ్మను బయల్దేరమన్నారు. అమ్మ వద్దంది. ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించారు. వాళ్ళ వెనకే నేనూ వెళ్ళాను. మంచం చుట్టూ నిలబడ్డాం. అయ్యగారు తెలిసే చేశారో, దగ్గరగా ఉందనో, గిన్నె ముందు అమ్మకిచ్చారు. అమ్మ రెండు చేతులతో అందుకుంది. శామ్యూలుగారు అమ్మ తాగడం చూస్తూ పడుకున్నారు. తరువాత టీచరుగారు ఆయన తల కింద చెయ్యి పెట్టి ఎత్తారు. ఆయన తాగారు.

తిరిగొస్తుంటే నేనుండబట్టలేక, ఒక్క మాటైనా అనలేదేమండీ మీ అన్నయ్యగారు అన్నాను.

“తాగాడు కదే,” అన్నారావిడ. కొంచెం దూరం నడిచాక కాలవగట్టు మీద కూర్చుని ఏడ్చారు. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఆ మధ్య సంఘ చరిత్ర పుస్తకంగా వేయాలనుకున్నారు. తెలుగు చెప్పేదాన్ని కదా అని రాసే పని నాకిచ్చారు. దొరగారినీ, పడవల్నీ, ఇటుకల్నీ రాయమన్నారు. చాపల సంగతి ఇప్పుడెందుకులే అన్నారు కొందరు. అప్పటికి టీచరుగారు బాగా పెద్దవారయ్యారు, చూపు తగ్గింది. నేను వెళ్ళి ఏం చెయ్యమంటారని అడిగాను.

“మా అన్నయ్యని చెడ్డగా రాయబోకు. కానీ మీరు వెనక కూర్చున్న మాట తియ్యొద్దు. తీసేస్తే, పిల్లలు ఆ గుడి ఎప్పుడూ ఇట్టాగే ఉందనుకుంటారు,” అన్నారు.

అలాగే రాశాను. పుస్తకం తెచ్చిన ఆదివారం ఆ పేజీని గుళ్ళో చదివింది శామ్యూలుగారి మనవడు. మధ్యలో ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదట్నుంచి చదివాడు. టీచరుగారు తల వంచుకుని విన్నారు. ఆ చలికాలంలోనే పోయారు. పెట్టెను రెండు పేటల వాళ్ళూ మోశారు. ఎవరు ఏ పేటో బయటివాళ్ళు చెప్పలేరు.

ఇప్పుడు మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లోనో, ఏ పెళ్ళి భోజనాల దగ్గరో ఒక మనిషి పక్క కుర్చీని మిగతావాళ్ళు కావాలనే ఖాళీగా వదిలేయడం అప్పుడప్పుడూ కనిపిస్తుంది. అలాంటప్పుడు నేను వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటాను. చివరి రోజుల్లో ఒకసారి, ఆవేళ మీకంత ధైర్యం ఎక్కడిదని టీచరుగారిని అడిగితే, ధైర్యమేముంది, నాలుగడుగులు వేసి కూర్చోవడమే కదా అన్నారు. ఆవిడ నాకు చెప్పినవాటిలో నేను నమ్మనిది అదొక్కటే. ఆ నాలుగడుగులూ వేసే ప్రతిసారీ నా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. ఆవిడకూ వణికే ఉంటాయి.